ఖాళీ కడుపుల కచేరీ

మొన్న బోధన్‌లో ఆయన సంతాపసభ జరిగింది. మైకు నాదే. బతికినన్నాళ్ళూ ఆయన ముందు పెట్టిన మైకును, పోయాక ఆయన ఫోటో ముందు పెట్టాల్సి వచ్చింది. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. "కుటుంబాన్నంతా కళకు అంకితం చేసిన మహనీయుడు" అన్నాడొకాయన. "ఒక్కగానొక్క కూతురిని రోగుల సేవకు తన చేతులతో పంపిన త్యాగి" అన్నాడు ఇంకొకాయన. ఆ మాటలు నా యాంప్లిఫయర్ లోంచే పోయి, నా హారన్ లోంచే ఊరంతా వినిపించాయి. హారన్ ఇనుముది కాబట్టి ఓర్చుకుంది. నాకు ఓర్పు లేదు. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. మైకు పెట్టేవాణ్ణి ఎవరడుగుతారు? అందుకని రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే దాన్ని కూడా బండమీద చెక్కిస్తారు. అందరూ మాస్టరు అనేవాళ్ళు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, ఏ వాద్యమూ ఆయనకు రాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బండ్లకు వరస చీటీలిచ్చే సీజన్ ఉద్యోగం ఆయనది. మాస్టరు అన్న పిలుపు తనకు తానే పెట్టించుకున్నాడు. మొదట భార్య చేత పిలిపించాడు, తర్వాత పిల్లల చేత, ఆ తర్వాత ఊరికి అలవాటైంది.

రెండు రాష్ట్రాలు కలిసి ఒక్కటైన ఏడాది నేను నిజామాబాద్‌లో మైకుసెట్టు దుకాణం పెట్టాను. తర్వాత కొద్దికాలానికే ఆయన వచ్చాడు. వెంట నలుగురు పిల్లలు. నలుగురికీ ఒకే తానులోంచి కుట్టించిన మెరుపు బట్టలు. అది పరదాల గుడ్డ అని చూడగానే తెలిసింది. ఎండలో ఆ పిల్లలు కుండలో గడ్డల్లా ఉడికిపోతున్నారు.

"మిఠాస్ పార్టీ అని పెట్టిన. చక్కెర ఊరోళ్ళం గదా. ఎట్లుంది పేరు?" అన్నాడు.

"పేరు మంచిగనే ఉంది. పాడేదెవరు?"

"గిది నా బిడ్డ సుగుణ. పాట దీనిది. పెద్దోడు బోంగో, నడిపోడు బ్యాంజో, చిన్నోడు గలగల డబ్బ."

"మరి నువ్వు?"

సంచిలోంచి వెండి కాగితం చుట్టిన బెత్తం తీసి గాలిలో ఒకసారి తిప్పాడు. "నేను నడిపిస్త."

ఆ నడిపించడం తర్వాత ఎన్నో ఏళ్ళు చూశాను. బెత్తం ఎటు ఊపినా పాట దాని దోవన అది పోయేది. పాట అయిపోయిన తర్వాత కూడా ఆయన చెయ్యి కాసేపు ఊగేది. ఇంట్లో మాత్రం బెత్తం మాటే చెల్లేదని మొగపిల్లల పిక్కలు చూస్తే తెలిసేది.

సుగుణ గొంతు గురించి అబద్ధం చెప్పను. వాళ్ళమ్మ చర్చిలో పాడేది. ఆ తల్లి పక్కన నిలబడి నేర్చిన గొంతు అది. సినిమా పాటలు హోటలు రేడియో దగ్గర విని పట్టుకునేది. ఆ పిల్ల పాడుతుంటే మైకు ఎంత దూరం జరపాలో చూసుకోవాల్సిన పని నాకు ఉండేది కాదు, ఆమెకే తెలిసేది. దేవుడు ఒక్కొక్కసారి చిలుం పట్టిన డబ్బాలో మంచి నెయ్యి పోస్తాడు.

వాళ్ళు మొదట ఎక్కడ పాడారో సంతాపసభలో ఎవరూ చెప్పలేదు. సభల్లో కాదు, బండ్ల వరసలో. సీజన్ మొదలైందంటే ఫ్యాక్టరీ గేటు నుంచి ఊరవతలి దాకా చెరుకు బండ్లు నిలబడేవి. రెంజల్ నుంచి, నవీపేట్ నుంచి వచ్చిన రైతులు ఎడ్లను విప్పి, గడ్డి వేసి, బండి కిందే కూర్చునేవాళ్ళు. వరస వదిలి పక్కకు పోతే వెనక బండి ముందుకొస్తుంది, చీటీ చెల్లదు. అంటే పొద్దంతా అక్కడ కట్టేసినట్టే. చీటీలిచ్చేవాడు కాబట్టి ఆ సంగతి ఆయన కన్నా బాగా తెలిసినవాడు లేడు. ఒక ఖాళీ బండి మీదికి నలుగురినీ ఎక్కించి పాట మొదలుపెట్టించాడు. రైతులు విన్నారు. వినక ఎక్కడికి పోతారు? ఆయన దాన్ని ఆదరణ అనుకున్నాడు. "పబ్లిక్ కదుల్తలేదు సూసినవా!" అని నా దగ్గర మురిసిపోయాడు.

పబ్లిక్ అన్న మాట ఆయన నోట్లో ఊతపదం. వినేవాళ్ళు పబ్లిక్, బస్సులో వాళ్ళు పబ్లిక్. ఇంట్లో భార్య కూర పెట్టడం ఆలస్యమైతే "ఇంట్ల పబ్లిక్ ఏం జేస్తున్నరు?" అని అడిగేవాడట. ఆయన లెక్కలో లోకం రెండు భాగాలు: బెత్తం పట్టుకున్నవాడు ఒకడు, మిగిలిందంతా పబ్లిక్.

పాట మంచిదా కాదా తేల్చడానికి నాకు ఒకటే పద్ధతి తెలుసు. వినేవాడికి లేచిపోయే దారి ఉండాలి, ఉండి కూడా వాడు కూర్చోవాలి. నేను బడి మెట్లెక్కలేదు. ఉర్దూ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను, తెలుగు పొట్లాల కాగితాల మీద. సంగీతం గురించి ఏ పొట్లంలోనూ ఇంతకన్నా మంచి మాట దొరకలేదు. మాస్టరు తన జీవితమంతా ఈ పద్ధతికి వ్యతిరేకంగా కష్టపడ్డాడు. ఆ కష్టం మాత్రం నిజం.

ఒక్కసారి ఆయన పాడగా విన్నాను. గణపతి పందిట్లో వైర్లు కడుతున్నాను, జనం ఇంకా రాలేదు. మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకొని, కళ్ళు మూసుకొని ఒక చరణం అందుకున్నాడు. తాళం వేసిన తలుపును చేత్తో గీకినట్టుంది. కళ్ళు తెరిస్తే నేను కనిపించాను.

"ఎట్లుంది?" అన్నాడు.

"మైకు మంచిగుంది మాస్టర్ సాబ్."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అందులో కాస్త మనిషి కనిపించాడు. మళ్ళీ ఎన్నడూ నా ముందు పాడలేదు. ఆ రోజే పిల్లల మీద జాలి కొద్దిగా పక్కకు జరిగి, ఈయన మీద కూడా కొంచెం పడబోయింది. కానీ పందిరి నిండగానే చిన్నోడు డబ్బా తప్పు ఊపాడని వాడి చెవి మెలిపెట్టడం చూశాను. పడబోయిన జాలిని వెనక్కి తీసుకున్నాను.

బండ్ల వరస నుంచి ఫ్యాక్టరీ కాలనీ పండుగలకు, అక్కడి నుంచి పందిళ్ళకు, పందిళ్ళ నుంచి పెండ్లిళ్ళకు పోయారు. పెండ్లిళ్ళలోనే ఆయన అసలు విద్య బయటపడింది. బండ్ల దగ్గర జనాన్ని చీటీ కట్టేసింది. పెండ్లిలో కట్టేయడానికి ఏముంది? అన్నం ఉంది.

"కడుపు నిండినోనికి చెవులు మూసుకపోతయ్" అనేవాడు. ఇది ఆయన సిద్ధాంతం. పెండ్లి ఊరికి పోగానే స్టేజీ చూడడు, పిల్లలకు నీళ్ళు దొరికాయా అని చూడడు, తిన్నగా పొయ్యిల దగ్గరికి నడుస్తాడు.

"ఏం మామా, అన్నం దించినవా?"

"దించిన మాస్టర్ సాబ్. బంతి వేసుడే ఇగ."

"దించినా దించలేదను. నేను బెత్తం కిందికి పెట్టినంకనే వెయ్యి."

వంటమనిషి దీనికి ఎందుకు ఒప్పుకునేవాడంటే, పెండ్లివాళ్ళు వచ్చి అడిగినప్పుడు మాస్టర్ సాబ్ మీద తోసేయొచ్చు. మాస్టర్ సాబ్ ఇంకొకటి కూడా పుట్టించాడు: పాట నడుమ పందిట్లోంచి లేస్తే కొత్త జంటకు అపశకునం అని. ఏ పంతులు చెప్పాడో, ఏ అయ్యగారు చెప్పాడో ఎవరికీ తెలియదు. కానీ పెండ్లి రోజున అపశకునం అన్న మాట వింటే ఎవడు లేస్తాడు? ఏడ్చే పిల్లను ఎత్తుకున్న తల్లులు కూడా పాట అయ్యేదాకా కూర్చునేవాళ్ళు. ఒక పాట కాగానే ఇంకొక పాట, మధ్యలో ఊపిరి తీసుకునేంత సందు ఉండేది కాదు. పెండ్లిలో ఇది మా ఆచారం అని రెండు మూడేళ్ళలో ఊళ్ళవాళ్ళే ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది. మాస్టరు చేసిన కొత్త పని ఏదైనా ఉందంటే అదే.

పిల్లలు కూడా తినేవాళ్ళు కాదు. తింటే గొంతు మందమవుతుందట. బోంగో కొట్టేవాడికీ డబ్బా ఊపేవాడికీ గొంతుతో ఏం పనో నేనడగలేదు. వాళ్ళమ్మ కట్టించిన జొన్నరొట్టెల సద్ది స్టేజీ వెనక మూటలోనే ఉండేది, ప్రోగ్రాం అయ్యేదాకా విప్పకూడదు. మసాలా వాసన గాలిమీద స్టేజీ దాకా వచ్చినప్పుడు చిన్నోడి డబ్బా కాస్త జోరుగా మోగేది. ఆయన మాత్రం ముందే తినేవాడు. పొయ్యిల చాటున మోదుగాకు పరుచుకొని, "ఉప్పు సూస్తున్న" అంటూ రెండు సార్లు పెట్టించుకొని, మూతి తుడుచుకొని వచ్చి బెత్తం అందుకునేవాడు.

అయినా మిఠాస్ పార్టీ వెలిగింది. కాదనను. నిజామాబాద్ సినిమా హాలు ముందు వాళ్ళ బోర్డు రంగులతో నిలబడింది. మిఠాస్ వాళ్ళకు కుదరదంటే లగ్గం వెనక్కి జరుపుకున్న ఇండ్లున్నాయి. ఆ వెలుగంతా ఒక్క గొంతులోంచి వచ్చిందని బెత్తం పట్టుకున్నవాడికి తప్ప అందరికీ తెలుసు. ఆ గొంతున్న పిల్లకు ఇంకొకటి కావాలి.

సుగుణ పది చదివింది. మిషన్ దవాఖానలో నర్సు చదువుకు తీసుకుంటామన్నారు. అక్కడి సిస్టరమ్మకు ఈ పిల్ల మీద ఇష్టం. ఆ మాట నా దుకాణంలోనే, నేను వైరు చుడుతుండగా, తండ్రితో ఎత్తింది.

"బాపూ, సిస్టరమ్మ జవాబు అడుగుతున్నది."

"సీజన్ కానీ బిడ్డా."

"సీజన్ అయినంక?"

"లగ్గాలుంటయ్ గదా."

"లగ్గాలైనంక?"

"వానలు వడ్తే రోడ్లు ఖరాబైతయ్. యాడికి పోతవ్?"

"వానలైనంక మల్ల సీజనే గదా బాపూ."

"గదే నేను చెప్పేది," అన్నాడు, ఏదో ఒప్పించినవాడిలా.

ఇలా ఏళ్ళు పోయాయి. నలుగురికీ పరదా గుడ్డలు పొట్టివైతే కొత్తవి వచ్చాయి. చివరికి సిస్టరమ్మ ఆఖరి కబురు పంపింది. ఈసారి చెప్పిన రోజుకు రాకపోతే వయసు దాటుతుంది, ఇక ఎన్నటికీ తీసుకోరు. చెప్పిన రోజు పొద్దున్నే దవాఖానలో ఉండాలి. ఆ ముందు రోజే చందూర్ దగ్గర ఒక పెద్ద రైతు ఇంట పెండ్లి ఒప్పుకొని ఉన్నాడు ఈయన.

"నాలుగు పాటలు వాడు బిడ్డా. నేనే బస్సెక్కిస్త," అని మాటిచ్చాడు. ఆ ఊరి నుంచి నిజామాబాద్‌కు మధ్యాహ్నం పోయే బస్సు ఒకటే.

సుగుణ తన రేకుపెట్టె వెంట తెచ్చుకుంది. రెండు చీరలు, దుప్పటి, చర్చి పాటల పుస్తకం, అంతే అందులో. స్టేజీ మీద బోంగో కింద పెట్టడానికి ఎత్తు పీట దొరకలేదు. మాస్టరు చుట్టూ చూసి ఆ పెట్టెను లాగాడు.

"పెద్దోడా, గిదాని మీద కూసో. సరిగ్గ సరిపోయింది సూడు."

పెద్దోడు చెల్లె ముఖం చూసి, కూర్చున్నాడు.

ఎండాకాలం. పందిరి మీద ఆకులు వాడి జల్లెడలా ఉన్నాయి. లగ్గం పొద్దున్నే అయిపోయింది. వంట దిగింది, ఆ సంగతి పందిట్లో ప్రతి ముక్కుకూ తెలుసు. సుగుణ నాలుగు పాటలు పాడింది. నాలుగోది అయ్యీ కాకముందే మాస్టరు మైకు మీదికి వంగి, "ఇప్పుడు మీ అందరి ఫర్మాయిష్ మీద" అన్నాడు. ఫర్మాయిష్ ఎవరు చేశారు, ఇంకో పాట కావాలని ఎవరడిగారు? పాట నడిచింది. మళ్ళీ ఫర్మాయిష్. సుగుణ పాడుతూనే రోడ్డు వైపు చూస్తోంది. నేను యాంప్లిఫయర్ పక్కన కూర్చొని ఆ పిల్ల మెడ నరం చూస్తున్నాను. తండ్రి వైపు తిరిగి కళ్ళతో అడిగింది. ఆయన బెత్తం ఊపాడు.

ముందు వరసలో ఒక ముసలాయన, పెండ్లికొడుకు తాత, కట్టెపుల్లలా ఎండినవాడు, స్టేజీకి దగ్గరగా జరిగి మెల్లగా అడిగాడు. తన మాట మైకు పట్టుకుంటుందని ఆయనకు తెలియదు.

"బిడ్డా, మంచిగ వాడుతున్నవ్ గని... ఇంకెన్ని ఉన్నయ్? కండ్లు తిరుగుతున్నయ్."

ఆ మాట హారన్‌లో ఊరంతా వినిపించింది. సుగుణ చరణం మధ్యలో ఆగింది. నడిపోడు తల వంచుకొని వాయించేవాడు, వాడికి తెలియక బ్యాంజో ఒక్కటే మోగుతోంది.

సుగుణ మైకు దగ్గరికి జరిగింది.

"తాతా, ఇంక లెవ్వు," అన్నది. "అందరు లేవుండ్రి. అన్నం ఎప్పుడో దిగింది. పాట నడుమ లేస్తే అపశకునం అని ఏ శాస్త్రంల లేదు, మా బాపు పుట్టిచ్చిండు. పెండ్లిపిల్లకు ఏం గాదు. పోయి తినుండ్రి."

మొదట ఎవరూ కదలలేదు. అంత అలవాటైపోయింది. అప్పుడు పెండ్లికూతురే పీట మీది నుంచి లేచి నిలబడింది. ఇక చూడాలి. చెరువు కట్ట తెగినట్టు పందిరి ఖాళీ అయింది. చిన్నోడు డబ్బా స్టేజీ మీద వదిలి, ఆ మెరుపు చొక్కాతోనే దూకి, మొదటి బంతిలో మొదటి ఆకు ముందు కూర్చున్నాడు.

"కూసోండ్రి!" అన్నాడు మాస్టరు మైకు లాక్కొని. "పబ్లిక్! కూసోండ్రి! ప్రోగ్రాం కాలేదు!"

నేను యాంప్లిఫయర్ ఆపలేదు. ఆపే అవసరం రాలేదు. ఆయన ప్రతి మాటా మూడు చేన్ల అవతలి దాకా శుభ్రంగా వినిపించింది. వినడానికి పందిట్లో చెప్పులు కూడా మిగల్లేదు.

సుగుణ అన్న దగ్గరికి పోయింది. "అన్నా, లెవ్వు." పెద్దోడు లేచాడు. బోంగో పక్కన పెట్టి, పెట్టె తనే భుజాన ఎత్తుకున్నాడు.

"యాడికే?" అన్నాడు తండ్రి. ఇప్పుడు మైకు లేకుండా.

"దవాఖానకు."

"ఆడపిల్లవు. నలుగుట్ల నా ఇజ్జత్ తీసి పోతవా? నీకు ఆకలైతే చెప్పొద్దా?"

సుగుణ ఆయన మూతి వైపు చూసింది. అక్కడ ఇంకా కూర నూనె మెరుస్తోంది.

"నువ్వైతే తిన్నవ్ గద బాపూ," అన్నది.

ఆయన బెత్తం ఎత్తాడు. నడిపోడు అప్పటికి తలెత్తి చూశాడు, బ్యాంజో ఆపి వచ్చి నడుమ నిలబడ్డాడు. కొట్టడానికి మనిషి దొరకనట్టు ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎవరూ ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. అటు బంతిలో "ఇటు పప్పు, ఇటు పప్పు" అన్న కేకలు తప్ప ఇంకేం వినిపించలేదు.

మిఠాస్ పార్టీ అక్కడితో సరి. పెద్దోడు ఫ్యాక్టరీ వర్క్‌షాపులో చేరాడు. నడిపోడు సరిహద్దు దాటి మరాఠీ బ్యాండు మేళంలో కలిశాడు. చిన్నోడు ఆ వంటమనిషి దగ్గరే పనికి కుదిరాడు, ఇవాళ బోధన్ చుట్టుపక్కల బగారా అన్నం అంటే వాడే. మాస్టరు కొన్నాళ్ళు పక్కింటి పిల్లల్ని కూడగట్టాడు. వాళ్ళకు లేచిపోయే దారి ఉంది కాబట్టి వాళ్ళు లేచిపోయారు. తర్వాత ఏళ్ళకేళ్ళు హోటళ్ళలో కూర్చొని, "బిడ్డను నేనే పంపిన, లోకానికి సేవ చెయ్యాలె అని" అని చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అది మొన్న సంతాపసభ దాకా వచ్చింది. ఆఖరి రోజుల్లో ఆయనకు మందులిచ్చింది, పక్క గుడ్డలు మార్చింది ఆ పిల్లే. అది కూడా ఆయన ఖాతాలోనే రాసుకున్నారు ఉపన్యాసకులు.

పంపింది ఎవరో నాకు తెలుసు, కాబట్టి ఆ మధ్యాహ్నం సంగతి పూర్తి చేస్తాను. పెద్దోడు, సుగుణ, నేను, ముగ్గురం ఎండలో రోడ్డు దాకా పరుగెత్తాం. బస్సు కదలబోతోంది. నేను బానెట్ మీద రెండు చేతులతో కొట్టాను. డ్రైవరు తిట్టాడు, ఆపాడు. పెద్దోడు పెట్టె టాపు మీద వేశాడు. తన మెరుపు చొక్కా జేబులోంచి ఆకులో చుట్టిన రెండు లడ్డూలు తీసి చెల్లె చేతిలో పెట్టాడు. ఎప్పుడు తెచ్చాడో తెలియదు.

సుగుణ ఎక్కింది. సీటు లేదు, కమ్మీ పట్టుకొని నిలబడి లడ్డూ కొరికింది. కండక్టరు ఆమెను పైకీ కిందికీ చూశాడు. ఆ మెరుపు గుడ్డను చూడనివాడు ఆ జిల్లాలో ఎవడున్నాడు?

"ఓ చెల్లె, గా హారన్‌ల వాడింది నువ్వేనా? మిఠాస్ పిల్లవు గదా! ఏదీ, ఒక మంచి పాట అందుకో. నిజామాబాద్ దాక పబ్లిక్ ఖుషీ అయితరు."

బస్సులో కూర్చున్నవాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు.

సుగుణ నోట్లోది మింగి, మూతి తుడుచుకుంది.

"టికెట్ ఇయ్యన్నా," అన్నది.